పడితే ఎలా లేవాలో ముందు నేర్చుకోండి

నాకిప్పుడు 73 ఏళ్లు. 31 ఏళ్లు స్కూల్లో డ్రిల్లు టీచరుగా పనిచేశాను. విజిలేసి వందలమంది పిల్లల్ని ఒంటికాలి మీద నిలబెట్టినదాన్ని, 69వ ఏట మా పడగ్గదిలో మంచానికీ తలుపుకీ మధ్య, కాలికి అడ్డంగా పుల్లముక్క కూడా లేని చోట పడిపోయాను. ఎడమ మణికట్టు విరిగింది. 6 వారాలు కట్టుంది, తర్వాత అతుక్కుంది. 8 నెలలకు మళ్లీ పడ్డాను. ఈసారి ఎముకలేవీ విరగలేదు. కానీ లేవడం చేతకాలేదు. అమ్మాయి, అల్లుడు ఆఫీసుకెళ్లారు, మనవడు స్కూలుకెళ్లాడు. టేబుల్ మీద ఫోను మోగుతోంది, వినిపిస్తోంది, అందదు. 40 నిమిషాలు అలాగే నేల మీద ఉన్నాను.

మణికట్టు విరిగినప్పుడు లేని భయం, ఏమీ విరగని ఆ రోజు నుంచి పట్టుకుంది. 5 నెలలు గేటు దాటలేదు. ఇంట్లో కూడా గోడ పట్టుకునే నడక. పడగ్గది నుంచి బాత్రూం దాకా గోడ మీద నా చెయ్యి ఎత్తులో మరకల చార ఏర్పడింది. మనవడు దానికి "అమ్మమ్మ రైలు పట్టా" అని పేరు కూడా పెట్టాడు.

ఆ చార ఎలా పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పడకుండా ఉండడానికి జాగ్రత్తలు అందరూ చెబుతారు. నాకు భయం తగ్గింది మాత్రం ఆ జాగ్రత్తల వల్ల కాదు, పడితే లేవగలనని తెలిశాక. అందుకే అక్కణ్నుంచే మొదలుపెడతాను.

నేల మీంచి లేవడం

పడగానే లేవబోకండి. సిగ్గుతోనో కంగారుతోనో వెంటనే లేవాలనిపిస్తుంది. విరిగిన కాలి మీద బరువు వేస్తే నష్టం ఇంకా పెరుగుతుంది. ముందు పడ్డచోటే ఉండి, నాలుగైదుసార్లు నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలండి. వేళ్లు, పాదాలు, మోకాళ్లు ఒక్కొక్కటీ కదిలించి చూసుకోండి. తుంటి దగ్గర భరించలేని నొప్పి ఉన్నా, ఒక కాలు పొట్టిగా అయినట్టో పక్కకు తిరిగిపోయినట్టో కనిపించినా, మెడ లేదా వెన్ను బాగా నొప్పి పెట్టినా లేచే ప్రయత్నం చేయొద్దు. సాయం కోసం పిలవాల్సిందే.

దెబ్బ పెద్దది కాదనిపిస్తే ఒక పక్కకు ఒత్తిగిల్లండి. పై చేతిని నేలకు ఆనించి నొక్కుతూ, కింద ఉన్న మోచేతి మీదికి లేవండి. అక్కడ కాసేపు ఆగండి, తల తిరిగితే తగ్గేదాకా కదలొద్దు. తర్వాత చేతులు, మోకాళ్ల మీదికి రండి. గట్టి కుర్చీయో మంచమో ఎటుందో చూసుకుని అటు పాకండి. పాకడం నామోషీ కాదు, మనందరం నడకకు ముందు నేర్చుకున్నదే. కుర్చీ సీటు మీద రెండు చేతులూ ఆనించి, బలమున్న కాలిని ముందుకు తెచ్చి పాదం నేల మీద పూర్తిగా మోపండి. ఇప్పుడు చేతులు, ఆ కాలు కలిపి ఒకేసారి తోస్తే లేస్తారు. లేచి నిలబడిపోకుండా, మెల్లగా తిరిగి ఆ కుర్చీలోనే కూర్చోండి. చక్రాల కుర్చీ, ప్లాస్టిక్ కుర్చీ ఇందుకు పనికిరావు, జరిగిపోతాయి.

చదివితే తేలిగ్గానే ఉంటుంది. పడ్డ రోజు మాత్రం ఇందులో ఒక్కటీ గుర్తురాదు. అందుకే ఏమీ జరగనప్పుడే ఒంటికి అలవాటు చేయాలి. నాకు నేర్పిన ఫిజియోథెరపీ అమ్మాయి దీన్ని వెనకనుంచి ముందుకు నేర్పింది. మొదటి రోజు కుర్చీ పట్టుకుని ఒక మోకాలు మాత్రం కిందపెట్టి లేచాను. అది బాగా వచ్చాక రెండు మోకాళ్లు. తర్వాత నేల మీద పక్కకు కూర్చుని లేవడం. చివరికి పూర్తిగా పడుకుని లేవడం. మోకాలి కింద దిండు పెట్టుకున్నాను. నాకు 3 వారాలు పట్టింది. మొదటిసారి మొత్తం ఒక్కదాన్నే లేచిన రోజు, చిన్నప్పుడు సైకిలు తొక్కడం వచ్చిన రోజు గుర్తొచ్చింది. ఇప్పటికీ వారానికి ఒకసారి చేస్తాను.

ఒక హెచ్చరిక. తుంటి లేదా మోకాలి కీలు మార్పించుకున్నవాళ్లు, ఎముకలు బాగా గుల్లబారినవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు డాక్టరును అడిగి, ఫిజియోథెరపిస్టు పక్కన ఉండగానే మొదలుపెట్టాలి.

ఎంత నేర్చుకున్నా లేవలేని రోజు రావచ్చు. నేల మీద గంటకు మించి ఉండిపోవడం దానికదే ప్రమాదం. ఒకేచోట ఒత్తిడికి చర్మం, కండరం దెబ్బతింటాయి, ఒంట్లో నీరు తగ్గుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. కాబట్టి ఒకే పక్కన ఉండిపోకుండా అటూ ఇటూ బరువు మార్చుకోవాలి, కాళ్లు ఆడిస్తూ ఉండాలి, అందిన గుడ్డ కప్పుకోవాలి. నేను ఫోను నడుముకు కట్టుకునే చిన్న సంచిలో పెట్టుకుంటాను, బాత్రూంకి వెళ్లినా సరే. మెడలో నా పాత విజిలు వేలాడుతుంది. అరిచే ఓపిక త్వరగా అయిపోతుంది, విజిలు ఊదడానికి ఒక్క ఊపిరి చాలు. పక్కింటివాళ్లకు ముందే చెప్పి ఉంచాను, మూడుసార్లు వినిపిస్తే రమ్మని. వాళ్ల దగ్గర మా ఇంటి తాళం ఒకటుంది.

తలకు దెబ్బ తగిలితే, ముఖ్యంగా రక్తం పలచబడే మందులు వాడుతుంటే, బాగానే ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పుర్రె లోపల రక్తం మెల్లగా కూడా చేరుతుంది. కొన్ని వారాల తర్వాత మగతగా ఉండడం, మాట తికమక పడడం, తలనొప్పి మొదలవడం కనిపిస్తే ఆ పాత దెబ్బ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

భయం కూడా పడేస్తుంది

నాకు భయం వేస్తోందంటే మొదట్లో ఇంట్లోవాళ్లు "ధైర్యంగా ఉండమ్మా" అన్నారు. ధైర్యం తెచ్చుకుంటే పోయేది కాదది. 1982లో మర్ఫీ, ఐజాక్స్ అనే ఇద్దరు డాక్టర్లు పడ్డ తర్వాత నడక పోగొట్టుకున్న పెద్దవాళ్ల గురించి రాశారు. ఆసరా లేనిదే అడుగు వేయలేకపోవడం, అందినదల్లా గట్టిగా పట్టుకోవడం వాళ్లలో గమనించారు. మా గోడ మీది చార అదే.

భయపడ్డ మనిషి ఎలా నడుస్తుందో డ్రిల్లు టీచరుగా నన్ను నేనే గమనించుకున్నాను. ఊపిరి బిగబడుతుంది, మోకాళ్లు బిర్రుగా అవుతాయి, అడుగు చిన్నదై పాదం నేలకు రాసుకుంటుంది, చూపు కాళ్ల దగ్గరే అతుక్కుపోతుంది. ఒళ్లు కర్రలా బిగిసినప్పుడు చిన్న కుదుపు వచ్చినా సర్దుకోలేదు. రాసుకునే పాదం ఏ చిన్న ఎత్తుకైనా తగులుతుంది. తల వంచితే బరువు ముందుకు పోతుంది. పడకూడదని చేసేవన్నీ పడేయడానికి సరిపోతాయి. దానికి తోడు భయంతో ఇంట్లోనే కూర్చుంటే తొడల్లో బలం వారాల్లోనే తగ్గిపోతుంది.

ఈ భయాన్ని కొలవడానికి ఒక పద్ధతి ఉంది. 1990లో మేరీ టినెటీ అనే డాక్టరు, ఆమెతో పనిచేసినవాళ్లు ఫాల్స్ ఎఫికసీ స్కేల్ అని 10 ప్రశ్నలు తయారుచేశారు. తర్వాత 16 ప్రశ్నల రూపం వచ్చింది. స్నానం చేసేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు, జనంలో నడిచేటప్పుడు పడిపోతానేమోనని ఎంత బెంగ అని అడుగుతుంది, ఒక్కోదానికి 1 నుంచి 4 మార్కులు. మొత్తం 16 వస్తే బెంగ లేనట్టు, 64 వస్తే ప్రతిదానికీ భయమే. నాకు మొదటిసారి 51 వచ్చింది. 31 ఏళ్లు మార్కులు వేసినదాన్ని కాబట్టి నాకు వచ్చిన మార్కులు చూడగానే పట్టుదల పెరిగింది.

తర్వాత నేను సొంతంగా ఒక పట్టిక వేసుకున్నాను. ఒక వరుసలో పని, పక్కన భయం ఎంత, దాని పక్కన నిజంగా ప్రమాదం ఎంత, 10కి. ఇది మీరూ ఒకసారి వేసి చూడండి, కళ్లు తెరుచుకుంటాయి. పగటిపూట గేటు దాకా నడవడం: భయం 8, ప్రమాదం 2. స్టూలెక్కి అటక మీది సామాను తీయడం: భయం 1, ప్రమాదం 9. రాత్రి లైటు వేయకుండా బాత్రూంకి వెళ్లడం: భయం 0, ప్రమాదం 8. భయపడాల్సిన చోట నిశ్చింతగా ఉన్నాను, నిశ్చింతగా ఉండాల్సిన చోట వణికాను. ప్రమాదం ఎక్కువున్నవి ఆ రోజే మానేశాను. భయం ఎక్కువ, ప్రమాదం తక్కువ ఉన్నవాటిని తేలికదానితో మొదలుపెట్టి, భయం 3కి దిగేదాకా రోజూ చేశాను. గేటు దాకా 9 రోజులు. తర్వాత వీధి మలుపు దాకా.

ఎందుకు పడ్డానో కనుక్కోవడం

"వయసు మీద పడింది కదా" అన్న మాట నేను ఒప్పుకోను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 65 దాటినవాళ్లలో ఏటా 28 నుంచి 35 శాతం మంది పడుతున్నారు. అంటే ఎక్కువమంది పడడం లేదు. వయసొక్కటే కారణమైతే వాళ్లంతా ఎందుకు నిలబడ్డారు?

మనం నిటారుగా ఉండడానికి మెదడుకు మూడు చోట్ల నుంచి కబురు అందాలి: కళ్లు, లోపలి చెవి, అరికాళ్లు-కీళ్లు. ఒకటి మందగిస్తే మిగతా రెండూ సర్దుకుంటాయి. రెండు మందగిస్తే తూలడం మొదలవుతుంది. వాష్ బేసిన్ దగ్గర ముఖం కడుక్కుంటూ కళ్లు మూసుకోగానే ముందుకు తూలుతున్నారా? అయితే మీరు ఎక్కువగా కళ్ల మీదే ఆధారపడి నిలబడుతున్నారన్నమాట, అరికాళ్ల కబురు సరిగా అందడం లేదేమో చూపించుకోవాలి. షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నా, బి12 తక్కువైనా ఇలా అవుతుంది. బి12 సంగతి చిన్న రక్తపరీక్షతో తేలుతుంది.

నేను మొదటిసారి ఎందుకు పడ్డానో తేలడానికి ఏడాది పట్టింది, అదీ ఒక డాక్టరు ఓపిగ్గా అడిగితే. "పడ్డప్పుడు టైమెంత? అంతకు ముందు నిమిషం ఏం చేస్తున్నారు?" అని. తెల్లవారుజామున 4 గంటలకు మంచం మీంచి గబుక్కున లేచాను. ఆయన నన్ను 5 నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూశారు, పై అంకె 148. నిలబెట్టి 3 నిమిషాల లోపల మళ్లీ చూస్తే 121. లేవగానే పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ అంతకు మించి గానీ పడిపోతే దాన్ని లెక్కలోకి తీసుకోవాలట. నాకు 27 పడింది. దానికి తోడు రాత్రి వేసుకునే నిద్రమాత్ర మత్తు, లైటు లేకపోవడం. మూడూ కలిసి పడేశాయి. బీపీ మాత్ర వేళ, మోతాదు ఆయన మార్చారు. నిద్రమాత్ర 2 నెలల్లో కొద్దికొద్దిగా తగ్గించి మాన్పించారు. ఒక్కసారిగా మీ అంతట మీరు ఏ మందూ ఆపొద్దు, అది ఇంకో ప్రమాదం.

ఇప్పుడు లేచేటప్పుడు మంచం అంచున కూర్చుని, పాదాలు పైకీ కిందికీ 20 సార్లు ఆడించి, పిడికిళ్లు బిగించి వదిలి, అప్పుడు నిలబడతాను. నిలబడ్డాక మంచానికి కాళ్లు ఆనించుకుని 10 లెక్కపెడతాను. బాత్రూం అవసరం తొందరపెడుతుంది, నిజమే. అందుకే ఆ తొందర రాకముందే లేవడం అలవాటు చేసుకున్నాను.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు మందులన్నీ ఒక సంచిలో వేసుకు వెళ్లండి. జలుబుకు వాడేవి, ఎవరో చెబితే కొన్నవి కూడా. బీపీ మందులు, ఒంట్లో నీరు తీసే మాత్రలు, నిద్రకు, దిగులుకు, ప్రొస్టేటుకు వాడే కొన్ని మందులు, కొన్ని అలర్జీ మాత్రలు తూలేలా చేయగలవు. షుగరు మందు ఎక్కువై షుగరు పడిపోయినా తూలతారు. "కళ్లు తిరుగుతున్నాయి" అని ఒక్కమాటతో సరిపెట్టొద్దు. గది గిర్రున తిరుగుతోందా, కళ్లు చీకట్లు కమ్ముతున్నాయా, లేక తల బాగానే ఉండి కాళ్లే నిలవడం లేదా? ఈ మూడూ మూడు వేర్వేరు దారులు.

గది గిర్రున తిరగడం మా చెల్లెలి కథ. మంచం మీద కుడిపక్కకు ఒత్తిగిల్లగానే అర నిమిషం లోకమంతా తిరిగేది. రెండేళ్లు కళ్లు తిరగకుండా మాత్రలు మింగింది. చివరికి తేలిందేమిటంటే లోపలి చెవిలో ఉండాల్సిన సన్నని కాల్షియం స్ఫటికాలు చోటు తప్పి, తల కదలికను కనిపెట్టే అర్ధచంద్రాకారపు గొట్టంలోకి జారాయి. తలను ఒక వరుసలో తిప్పుతూ వాటిని వెనక్కి పంపే పద్ధతి ఉంది, అమెరికా డాక్టరు జాన్ ఎప్లీ పేరుతో ఎప్లీ పద్ధతి అంటారు. పావుగంట పని. చెల్లెలికి రెండోసారికి తగ్గిపోయింది. ఏ చెవో, ఏ గొట్టమో పరీక్ష చేసి తెలుసుకోవాలి కాబట్టి మొదటిసారి తెలిసినవాళ్ల చేతే చేయించుకోవాలి. వీడియో చూసి సొంతంగా మెడ తిప్పుకోవద్దు. కళ్లు తిరగకుండా ఇచ్చే మాత్రలు మొదటి కొద్దిరోజులకే. నెలల తరబడి వాడితే మెదడు సర్దుకోవడానికే అడ్డం పడతాయి.

కళ్లు తిరగడంతో పాటు మూతి వంకర పోవడం, మాట తడబడడం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, ఒకటి రెండుగా కనిపించడం, ఎన్నడూ లేని తలనొప్పి, అసలు నిలబడలేకపోవడం ఉంటే అది పక్షవాతం కావచ్చు. ఆ క్షణమే ఆసుపత్రికి.

కళ్లద్దాల సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. దూరానికీ దగ్గరికీ కలిపి ఉన్న అద్దాల్లో కింది భాగం చదువుకోవడానికి. మెట్లు దిగుతూ కిందికి చూస్తే ఆ భాగంలోంచే చూస్తాం, మెట్టు అంచు మసకబారుతుంది. బయట నడకకు దూరం చూపు అద్దాలు మాత్రమే ఉన్న ఇంకో జోడు చేయించుకున్నాను. కంటిలో శుక్లం ఉంటే ఆపరేషను వాయిదా వేయకండి.

కసరత్తు, నా సొంత సబ్జెక్టు

ఇక్కడ కాస్త పెద్దగొంతుతో మాట్లాడతాను, అలవాటు. ఉత్త నడక చాలదు. నడక మంచిదే, కానీ తూలే మనిషికి కావాల్సింది తొడలకు బలం, ఒంటికి నిలదొక్కుకునే సాధన. 2019లో కోక్రేన్ సంస్థ వాళ్లు ఎన్నో పరిశోధనలు కలిపి చూస్తే, కసరత్తు వల్ల పెద్దవాళ్లు పడడం 23 శాతం తగ్గిందని తేలింది. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో పెద్దవాళ్ల కోసమే తయారైన ఒటాగో కసరత్తులు చాలా దేశాల్లో ఫిజియోథెరపిస్టులు నేర్పుతున్నారు. వారానికి 3 రోజులు ఇంట్లో కసరత్తు, 2 రోజులు నడక.

మొదలుపెట్టే ముందు మీ లెక్క రాసుకోండి. కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు? 12 లేదా అంతకు మించితే పడే అవకాశం ఎక్కువ. నాకు 19 పట్టింది. ఒక పాదం మడమ రెండో పాదం బొటనవేలికి తగిలేలా గీత మీద నిలబడినట్టు 10 సెకన్లు ఉండగలరా? నేను 4 సెకన్లే ఉండగలిగాను. పక్కన మనిషి ఉండగానే చూసుకోండి.

నేను రోజూ చేసేది ఇది. వంటగట్టు ఎదురుగా నిలబడతాను, వెనక గట్టి కుర్చీ. ముందుకు తూలితే గట్టు, వెనక్కి తూలితే కుర్చీ. కుర్చీలోంచి చేతులు వాడకుండా లేవడం, కూర్చోవడం, 10 సార్లు. దీనికో కిటుకుంది: పాదాలు మోకాళ్లకన్నా కాస్త వెనక్కి లాగి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి, అప్పుడు లేవాలి. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా మూడు లెక్కపెడుతూ దిగాలి, బలం వచ్చేది అక్కడే. తర్వాత మడమలు ఎత్తి దించడం, వేళ్లు ఎత్తి దించడం. వేళ్లు ఎత్తడం తప్పకుండా చేయండి, నడకలో పాదం రాసుకోకుండా కాపాడేది ఆ కండరమే. తర్వాత పక్కకు అడుగులు, గట్టు పొడవునా. చివర్లో పాదాలు ఒకదాని ముందు ఒకటి పెట్టి నిలబడడం.

చేతుల విషయంలో ఒక క్రమం పెట్టుకున్నాను. మొదట రెండు చేతులూ గట్టు మీద. వారం తర్వాత ఒక చెయ్యి. తర్వాత రెండు వేళ్లు. తర్వాత చేతులు గట్టుకు పైన గాలిలో. కాస్త తూలుతున్నట్టు అనిపించాలి, అనిపించకపోతే సాధన కాదు. పిల్లలకు చెప్పిన మాటే, కష్టం తెలియకపోతే కసరత్తు కాదు. కానీ తూలితే పట్టుకునేది చేతికందేలా ఉండాలి.

లోపలి చెవి మందగించినవాళ్లకు ఇంకోటి ఉంది. చెయ్యి చాపి బొటనవేలు నిలబెట్టి, చూపు దాని మీదే ఉంచి, తలను అటూ ఇటూ తిప్పడం. మొదట కూర్చుని, 30 సెకన్లు. కాస్త కళ్లు తిరిగినట్టు ఉంటుంది, ఆగితే తగ్గాలి. మెడనొప్పి ఉన్నవాళ్లు అడిగి చేయాలి.

ఒక సరదా సంగతి. 1997లో స్వీడన్ పరిశోధకులు పెద్దవాళ్లతో నడుస్తూ మాట కలిపి చూశారు. జవాబు చెప్పడానికి నడక ఆపేసినవాళ్లు తర్వాతి 6 నెలల్లో ఎక్కువగా పడ్డారట. అంటే నడకకే మెదడంతా ఖర్చయిపోతోంది. మా మనవడు ఇది విన్నప్పటి నుంచి నాతో నడుస్తూ ఎక్కాలు అడుగుతాడు. 17వ ఎక్కం దగ్గర ఇప్పటికీ ఆగుతాను, అది తూలు వల్ల కాదు. రోడ్డు మీద మాత్రం ఈ ఆట వద్దు, అక్కడ మాటలాపి నడవండి.

నడిచేటప్పుడు చూపు మూడు నాలుగు అడుగుల ముందుండాలి. మడమ ముందు తగలాలి. వెనక్కి తిరగాలంటే ఒంటికాలి మీద గిర్రున తిరగకుండా, నాలుగైదు చిన్న అడుగులతో అర్ధచంద్రంలా తిరగండి. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే ఆగి, ఒళ్లంతా తిప్పి చూడండి.

ఇల్లు, కర్ర

ఇంటి గురించి అందరికీ తెలిసిందే కాబట్టి నేను మార్చినవి మాత్రం చెబుతాను. బాత్రూంలో తువ్వాలు కడ్డీ తీసేసి గోడలోకి బిగించిన గట్టి కడ్డీ పెట్టించాను, కమోడ్ పక్కన ఒకటి, స్నానం దగ్గర ఒకటి. తువ్వాలు కడ్డీ మనిషి బరువు ఆపదు. స్నానం కూర్చునే. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా చిన్న లైటు. జారే కాళ్లపట్టాలు అన్నీ పోయాయి, చార్జరు వైర్లు గోడకు అంటించారు. రోజూ వాడేవి నడుము నుంచి భుజం ఎత్తు మధ్యకు వచ్చాయి. స్టూలు పక్కింటివాళ్లకు ఇచ్చేశాను. ఇంట్లో మేజోళ్లతో తిరగడం మానేసి, వెనక మడమను పట్టి ఉంచే, అడుగు పలుచగా గట్టిగా ఉండే చెప్పులు వేసుకుంటున్నాను.

కర్ర దగ్గర నా అహం అడ్డం వచ్చింది. కర్ర పట్టుకుంటే ముసలిదాన్నయినట్టు అనిపించి 4 నెలలు మూలన పెట్టాను. పట్టుకున్నాక కూడా తప్పు చేతిలో పట్టుకున్నాను. బలహీనంగా ఉన్న కాలికి ఎదురు పక్క చేతిలో ఉండాలి. ఎడమ కాలు నొప్పి అయితే కుడి చేతిలో, ఆ కాలితో పాటే కర్ర ముందుకు పడాలి. చెప్పులు వేసుకుని చేతులు వేలాడేస్తే పిడి మణికట్టు గీత దగ్గరకు రావాలి. ఎక్కువ ఎత్తు కర్ర భుజాన్ని పైకి తోస్తుంది, తక్కువదైతే నడుము వంచేస్తుంది. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్ర, నొప్పి కాలు ముందు. అడుగున రబ్బరు బుడిపె అరిగిందేమో నెలకోసారి చూసుకోండి. అరిగితే తడి నేల మీద కర్రే జారుతుంది.

ఇంట్లోవాళ్లకు

"నువ్వు లేవకమ్మా, నేను తెస్తాను" అనేది మా అమ్మాయి. ప్రేమతోనే. మంచినీళ్ల గ్లాసు కూడా చేతికి వచ్చేది. ఆ 5 నెలల్లో నా తొడలు సన్నబడ్డాయి. ఒక రోజు అడిగేశాను, "నన్ను కూర్చోబెట్టకు, నేను నడిచేటప్పుడు పక్కన నడువు" అని. తనకు కోపం వచ్చింది, రెండు రోజులు ముభావంగా ఉంది. తర్వాత ఫిజియోథెరపీకి తనే తీసుకెళ్లింది.

సాయం చేసేవాళ్లు మా చెయ్యి పట్టుకుని లాగకండి. ఉన్న కాస్త నిలకడ కూడా అప్పుడే పోతుంది. మీ మోచెయ్యి మడిచి ఇవ్వండి, మేం పట్టుకుంటాం. ఎంత గట్టిగా పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో మాకు తెలుస్తుంది. పడ్డవాళ్లను చంకల్లో చేతులు వేసి ఎత్తబోకండి, ఇద్దరూ పడతారు. కుర్చీ దగ్గరికి జరిపి, పక్కన కూర్చుని, లేచే వరుస గుర్తుచేయండి. పడినందుకు తిట్టకండి. తిడితే మరోసారి పడ్డప్పుడు మీకు చెప్పరు. నేను చిన్నగా పడ్డది ఒకటి 3 నెలలు దాచాను, డాక్టరుకు కూడా చెప్పలేదు.

మొదలుపెట్టి 2 సంవత్సరాల 8 నెలలయింది. కుర్చీ పరీక్ష 19 నుంచి 11 సెకన్లకు వచ్చింది. గీత మీద నిలబడడం 10 సెకన్లు దాటింది. ప్రశ్నల మార్కులు 51 నుంచి 27. ఈ మధ్యలో ఒకసారి పడ్డాను, పోయిన వానాకాలం, గుమ్మం దగ్గర. పక్కకు ఒత్తిగిల్లి, మోచెయ్యి, మోకాళ్లు, కుర్చీ. 4 నిమిషాలు పట్టింది. లేచి కూర్చున్నాక విజిలు ఊదాను, ఊరికే, పనిచేస్తుందో లేదో చూద్దామని. పక్కింటాయన ఒక కాలికి చెప్పుతో పరుగెత్తుకొచ్చారు. పాపం, క్షమాపణ చెప్పుకున్నాను.

పట్టికలో ఇంకా మిగిలింది ఎస్కలేటరు. భయం 9. ఎక్కేచోట నిలబడి చూస్తాను, మెట్టు పుట్టుకొచ్చి వెళ్లిపోతుంటుంది, కాలు ముందుకు రాదు. వచ్చే నెల ఫిజియోథెరపీ అమ్మాయి పక్కన ఉండి ఎక్కిస్తానంది. అప్పటిదాకా లిఫ్టులో వెళుతున్నాను.